ఊరి కాలువకు కాపలా కావాలి, కాపలాదారు చేతికి రసీదు పుస్తకం వద్దు

సంపాదకులకు నమస్కారములు.

కాలువలో చెత్త వేసేవారిని, బోదెలకు (చేలకు నీరు తెచ్చే పిల్లకాలువలకు) అడ్డుకట్టలు వేసేవారిని, వరి చేల మధ్య అనుమతి లేకుండా చెరువులు తవ్వేవారిని అదుపు చేయడానికి ఊరి స్థాయిలోనే కొందరిని నియమించి, వారికి జరిమానా వేసే అధికారం కూడా ఇవ్వాలన్న మాట మా ప్రాంతంలో నలుగురు రైతులు కలిసిన ప్రతిచోటా వినిపిస్తోంది. నగరాల్లో చెత్త వేసేవారికి జరిమానా వేసే మార్షల్స్ ఉన్నట్టే పల్లెల్లోనూ ఉండాలని కొందరంటుంటే, గ్రామ సచివాలయంలో ఉన్న ఉద్యోగులు చాలరా, ఇంకొకరి జీతం ఎవరు మోస్తారు అని మరికొందరు అడుగుతున్నారు. గోదావరి పశ్చిమ డెల్టా శివారులో, అంటే కాలువల చివరన, సాగు చేసుకునే రైతుగా, కొంతకాలం నీటి సంఘంలో పనిచేసినవాడిగా, దీనివల్ల కలిగే మేలూ కీడూ రెండూ నాకు తెలిసినంతలో పాఠకుల ముందు ఉంచదలచాను. అటువంటి మనుషులు మాకు తప్పకుండా కావాలి. వారికి గట్టు వెంట తిరిగే అధికారం, చూసినది రాసిపెట్టే అధికారం, జరుగుతున్న తప్పును అక్కడికక్కడ ఆపించే అధికారం ఇవ్వాలి. డబ్బు వసూలు చేసే అధికారం, మనిషి మీద చేయి వేసే అధికారం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇవ్వకూడదని నా దృఢమైన అభిప్రాయం.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి డెల్టా కాలువలు ఇంజనీర్ల లెక్కల మీద ఎంత నడిచాయో, గట్ల వెంట తిరిగిన లస్కర్ల కాళ్ల మీద కూడా అంతే నడిచాయి. ఇప్పటి కుర్రవాళ్లలో చాలామందికి లస్కరు ఎవరో తెలియదు. నీటిపారుదల శాఖలో అతి చిన్న ఉద్యోగి ఆయన. తనకు అప్పగించిన మేర కాలువ గట్టు మీద పగలూ రాత్రీ తిరగడం, తూము తలుపులు ఎత్తడం, దించడం, గేజి రాయి మీద నీటి మట్టం చూసి పైవారికి చెప్పడం, గట్టుకు ఎక్కడైనా బుంగ పడితే పెద్దది కాకముందే మట్టి వేసి పూడ్చడం, గుర్రపుడెక్క వచ్చి వంతెన కింద అడ్డుపడితే మనుషులను పిలిచి తీయించడం ఆయన పని. ఆయనకు తుపాకీ లేదు, జరిమానా పుస్తకం లేదు. ఏ తూము కింద ఎవరి చేను ఉందో, ఎవరు ఎప్పుడు అత్యాశకు పోతారో ఆయనకు తెలుసు. ఆయన గట్టు మీద కనబడితే చాలు, అడ్డుకట్ట వేసినవాడు తానే తీసేసేవాడు. ఒకరు పదవీ విరమణ చేస్తే ఆ స్థానంలో మరొకరిని వేయకపోవడం అలవాటైపోయి, మా దిగువ కాలువల మీద ఆ పని చేసేవారే లేకుండా పోయారు. ఇప్పుడు కొత్తగా స్థానిక సిబ్బంది కావాలని మనం అడుగుతున్నది చాలా మేరకు మనం పోగొట్టుకున్న ఆ మనిషినే.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో శివారులో ఉన్నవారికి వేరే చెప్పనవసరం లేదు. విజ్జేశ్వరం దగ్గర వదిలిన నీరు నరసాపురం, మొగల్తూరు శివార్లకు చేరేసరికి దారిలో ఎన్నో చేతులు మారుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటలో, నీరు చాలక వంతులవారీగా ఇచ్చేటప్పుడు మా వంతు రాత్రి వస్తుంది. బోదెలో నీరు జానెడు ఎత్తున వస్తున్నదల్లా అర్ధరాత్రి దాటాక పలచబడుతుంది. టార్చిలైటు వేసుకుని ఎగువకు నడిచి చూస్తే, కల్వర్టు కింద మట్టి నింపిన ఎరువుల సంచులు నాలుగు వరుసలు పేర్చి, సందుల్లో వరిగడ్డి కుక్కి, పైన ఒక కొబ్బరి మొద్దు అడ్డం వేసి ఉంటాయి. దానికి కాస్త ఎగువన తుంగ మధ్యలో పైపు దాచి, చేలో ఇంజను ఆడుతూ ఉంటుంది. అక్కడ మనిషి ఉండడు. మనమే ఆ సంచులు లాగేస్తే తెల్లవారేసరికి ఊళ్లో గొడవ. లాగకపోతే మన వంతు గడువు తీరిపోతుంది, మళ్లీ వంతు వచ్చేలోగా పొట్ట దశలో ఉన్న చేను నెర్రెలు తీస్తుంది. ఫిర్యాదు చేద్దామంటే, ఉదయం అధికారి వచ్చేసరికి సంచులు మాయమై కాలువ మామూలుగా పారుతూ ఉంటుంది. కాలువకు నష్టం చేయడం, నీటి ప్రవాహానికి అడ్డుపడటం నేరమని 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం స్పష్టంగానే చెబుతోంది. చట్టం ఉన్నా, ఆ అర్ధరాత్రి కల్వర్టు దగ్గర నిలబడి చూసి, చూశానని సంతకం పెట్టే మనిషి లేడు.

జీతాల ఖర్చు గురించి అడిగేవారి కోసం చిన్న లెక్క వేసి చూశాను. ఇవి ఊహకు తీసుకున్న అంకెలే. ఒక మండలానికి నలుగురిని వేసి, ఒక్కొక్కరికి నెలకు 20 వేల రూపాయలు ఇస్తారనుకుంటే ఏడాదికి 9 లక్షల 60 వేలు అవుతుంది. 2025–26కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు కాబట్టి, మనం లెక్కపెట్టుకునే 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు వస్తుంది. శివారులో వంద ఎకరాల్లో నీరందక ఎకరానికి 10 బస్తాలు తగ్గాయనుకున్నా నష్టం 17 లక్షల 70 వేలు దాటుతుంది. ప్రతి ఏడాదీ ఇలాగే జరుగుతుందని నేననను. గోదావరిలో నీరు పుష్కలంగా ఉన్న ఏడాది ఈ నలుగురికీ దాళ్వాలో పెద్దగా పని ఉండకపోవచ్చు. అయినా నీరు తక్కువైన ఒక్క పంటలో వారు కాపాడగలిగినది దాదాపు రెండేళ్ల జీతాలకు సరిపోతుంది. వర్షాకాలంలో గట్టు బుంగను తొలి గంటలో చూసే మనిషి ఉండటం వల్ల తప్పే గండ్ల విలువ ఇందులో కలపనే లేదు.

సాగునీటితో పాటు తాగునీటి సంగతి ఉంది. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు మా ఊళ్లన్నీ మంచినీటి చెరువులు నింపుకుంటాయి. ఆ తరువాత మళ్లీ కాలువలు వదిలేదాకా ఆ నీరే గతి. సరిగ్గా ఆ నింపుకునే రోజుల్లోనే రొయ్యల చెరువులు ఖాళీ చేసిన ఉప్పునీరు, పట్టణాల మురుగు, కోళ్ల దుకాణాల వ్యర్థాలు కాలువలో కలిస్తే ఊరంతా తాగవలసింది దానినే. తెల్లవారుజామున మోపెడు మీద వచ్చి వంతెన మీద బండి ఆపకుండానే సంచిని కాలువలోకి జారవిడిచి వెళ్లేవాడిని పట్టుకోవడానికి మండల కేంద్రంలో ఉన్న ఏ అధికారికీ సాధ్యం కాదు. ఆ వంతెన దగ్గర ఆ వేళకు నిలబడిన మనిషికే సాధ్యం. చెత్తను ఆరుబయట, కాలువల్లో పారవేయరాదని, ఉల్లంఘిస్తే స్థానిక సంస్థలు అక్కడికక్కడే జరిమానా విధించవచ్చని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చి ఇన్నేళ్లైనా, మా వంతెనల కింద పేరుకున్న సంచుల గుట్టలు తగ్గలేదు.

ఇంతవరకు చెప్పింది మేలు. కీడు ఎక్కడ మొదలవుతుందంటే, ఆ మనిషికి మనం ఇచ్చే అధికారం ఎవరి మీద పనిచేస్తుందన్న దగ్గర. మా తండ్రుల తరం వారికి మునసబు అంటే ఏమిటో తెలుసు. ఊళ్లో పన్ను వసూలూ ఆయనదే, చిన్న నేరాల కబురు ఠాణాకు పంపడమూ ఆయన పనే. మంచి మునసబులు లేకపోలేదు. కానీ ఆ పదవి తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయినందువల్ల, ఎవరి పశువులు బందెల దొడ్డికి వెళతాయో, ఎవరివి వెళ్లవో ఊరికి ముందే తెలిసి ఉండేది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసినప్పుడు మా పేటల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారంటే కారణం అదే. ఊళ్లోనే ఉండే మనిషికి అధికారం ఇవ్వడమంటే ఆ మనిషి కులం, బంధుత్వం, బాకీలు, పార్టీ అన్నింటికీ కలిపి అధికారం ఇవ్వడమే అవుతుంది. దీనిని మరచి, స్థానికుడైతే అన్నీ తెలుస్తాయి గనుక న్యాయంగా ఉంటాడనుకోవడం పొరపాటు. స్థానికుడికి అన్నీ తెలుస్తాయి, అందుకే ఎవరిని వదిలేయాలో కూడా తెలుస్తుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. రేపు ఒక కుర్రవాడికి టోపీ, రసీదు పుస్తకం ఇచ్చి గట్టు మీదకు పంపితే అతడు ముందుగా ఆపేది ఎవరిని? వంతెన పక్కన చేపలు కోసి ఆ నీళ్లు కాలువలో పోసే ఆడమనిషిని. గట్టు మీద పాక వేసుకుని టీ అమ్మేవాడిని. గేదెలను కాలువలో కడిగే పాలేరును. వీరు చేసేది సరైనదని నేను చెప్పడం లేదు. అయితే ఆ మనిషి కంటికి వీరు పగటిపూట కనబడతారు, ఎదురు తిరగరు, రెండు వందలో మూడు వందలో అక్కడికక్కడ ఇచ్చేస్తారు. అదే కాలువలోకి రాత్రిపూట పైపు వేసి వంద ఎకరాల చెరువు ఖాళీ చేసే ఆసామి పేరు రాయడానికి ఆ కుర్రవాడి చేయి ఆడదు. రాస్తే మర్నాడు ఫోన్లు వస్తాయి, ఆ మరుసటి వారం అతడికి ఉద్యోగం ఉండదు. నెలాఖరుకు ఎన్ని జరిమానాలు వేశావని పైవారు అడిగితే, చేపల ఆమె దగ్గర రాసిన రసీదులతో లెక్క నిండుతుంది, కాలువ మాత్రం అలాగే ఉంటుంది. పనిని జరిమానాల సంఖ్యతో కొలిచిన చోట ఇంతకంటే భిన్నంగా జరగడానికి వీలు లేదు.

వసూళ్లలో వాటా ఇస్తే ఏమవుతుందో ముంబైలో అందరూ చూశారు. కరోనా కాలంలో మాస్కు లేనివారికి జరిమానా వేసే పనిని అక్కడి నగరపాలక సంస్థ క్లీనప్ మార్షల్స్‌ను సరఫరా చేసే ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించి, వసూలైన దానిలో సగం వారికే ఇచ్చింది. మార్షల్స్ బెదిరించి డబ్బు గుంజుతున్నారని, నకిలీ రసీదులు ఇస్తున్నారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తప్పు జరిగితేనే ఆదాయం వచ్చే సంస్థకు తప్పును తగ్గించే పని అప్పగించడం వల్ల వచ్చిన చిక్కు అది. మన పంచాయతీలకు నిధులు లేవు కాబట్టి జరిమానాల్లోంచే జీతాలు ఇచ్చుకోవచ్చునన్న సలహా మా వైపు కూడా వినబడుతోంది. దయచేసి ఆ మాటను ఇక్కడితోనే ఆపాలి.

తక్కువ జీతానికి, అరకొర శిక్షణకు పెద్ద అధికారం కట్టబెట్టడం ఎంత దూరం పోగలదో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక పోలీసు అధికారుల వ్యవహారంలో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. నెలకు 3 వేల రూపాయల గౌరవ వేతనం మీద, చదువు అంతగా లేని గిరిజన యువకులను తుపాకులిచ్చి మావోయిస్టుల మీదకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆ అడవికీ మన కాలువ గట్టుకూ పోలిక లేదని నాకు తెలుసు. కానీ ఆ తీర్పులోని ఒక సంగతి మనకూ వర్తిస్తుంది. చౌకగా వస్తారని చేర్చుకున్న మనుషులను పూర్తి స్థాయి ఉద్యోగి చేయవలసిన పనిలోకి దింపితే, వారికీ అన్యాయమే, వారి ఎదుట నిలబడే పౌరులకూ అన్యాయమే. హోంగార్డులకు పోలీసు కానిస్టేబులు కనీస వేతనానికి తగ్గకుండా రోజువారీ భత్యం ఇవ్వాలని 2015లో అదే న్యాయస్థానం చెప్పవలసి వచ్చిందంటే, ఇటువంటి కొలువులను మన ప్రభుత్వాలు ఎంత చవకగా నడుపుతూ వచ్చాయో తెలుస్తుంది.

మన రాష్ట్రంలోనే దగ్గరి అనుభవం ఒకటి ఉంది. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయ వ్యవస్థలో, దాదాపు 15 వేల సచివాలయాలకు మహిళా సంరక్షణ కార్యదర్శుల పోస్టులు పెట్టారు. 2021లో వారిని మహిళా పోలీసులుగా పిలవాలని ఉత్తర్వు వచ్చింది. పోలీసు నియామక పద్ధతిలో రానివారికి పోలీసు పేరు, హోదా ఎలా ఇస్తారన్న ప్రశ్న హైకోర్టుకు వెళ్లింది. ఆ ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిల తప్పు ఇందులో ఏమీ లేదు. తమ ఊరి ఆడపిల్లల సమస్యలు వింటామని, బాల్య వివాహాలు ఆపుతామని ఉత్సాహంగా చేరినవారిని నేనెరుగుదును. వారి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందుగా తేల్చకుండా నియమించడం వల్ల ఒకరోజు సర్వేకు, ఒకరోజు బందోబస్తుకు, ఒకరోజు సభకు జనాన్ని లెక్కపెట్టడానికి వారిని వాడుకున్నారు. కొత్తగా ఏ సిబ్బందిని వేసినా ఈ గతి పట్టకుండా చూసుకోవాలి.

ఉన్న ఉద్యోగులు చాలరా అనే వారికి ఒక్క మాట. గ్రామ రెవెన్యూ అధికారి ఉన్నారు, పంచాయతీ కార్యదర్శి ఉన్నారు, వ్యవసాయ సహాయకులు, మత్స్య సహాయకులు, ఇంజనీరింగు సహాయకులు ఉన్నారు. పదిమంది చేతిలో పాము చావదన్నట్టు, కాలువ సంగతి అడిగితే ఒకరు ఇరిగేషను వారిని అడగమంటారు, ఇరిగేషను వారు డ్రైనేజీ వారిని అడగమంటారు, డ్రైనేజీ వారు పంచాయతీని చూపిస్తారు. వీరిలో ఎవరి విధుల జాబితాలోనూ రాత్రిపూట గట్టు మీద నడవడం లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల దుస్థితి గురించి కూడా మొరపెట్టుకున్నారు. ఆ మురుగు కాలువల మీద ఆక్రమణలు, అడ్డంగా కట్టిన చేపల మావులు, వలకట్లు ఒక్క రోజులో పుట్టుకొచ్చినవి కావు. మొదటి వలకట్టు పాతిన రోజున వద్దని చెప్పే మనిషి లేకపోవడం వల్ల అవి అలవాటై, తరువాత హక్కుగా మారాయి.

అందువల్ల నేను కోరేది ఇది. నియమించేవారిని కాలువ సిబ్బందిగానే నియమించాలి, పోలీసు పేరు, ఖాకీ వద్దు. ఒక ఊరివాడిని అదే ఊరి కాలువ మీద వేయకుండా, నీటి వంతుల సంగతి తెలిసిన పొరుగు మండలం వాడిని వేస్తే, డెల్టా పని తెలిసినవాడూ అవుతాడు, ఊరి బంధుత్వాల ఒత్తిడీ తగ్గుతుంది. సొంత పొలం ఉన్నవారికే కాక కౌలు రైతుల, కూలీల ఇళ్లనుంచి వచ్చిన యువతీ యువకులకూ ఇందులో స్థానం ఉండాలి. నీరు రాకపోతే ముందు నష్టపోయేది వారే. తప్పు కనబడితే సమయం, స్థలం పడేటట్టు ఫొటో తీసి, ఆ తూము సంఖ్యతో సహా నమోదు చేసి, అడ్డు తొలగించి, ఒక ప్రతిని సెక్షన్ ఇంజనీరుకు, ఒక ప్రతిని నీటి సంఘానికి పంపడంతో అతడి పని పూర్తి కావాలి. జరిమానా ఎంతో నిర్ణయించడం వేరొక అధికారి చేయాలి, ఆ సొమ్ము నేరుగా ఖజానాకు చేరాలి, ఎదుటివారికి తమ వాదన చెప్పుకునే గడువు ఉండాలి. ఎవరైనా ఎదురు తిరిగితే పోలీసులను పిలవడం తప్ప అతడు చేయి చేసుకోకూడదు. బ్రిటన్‌లో 2002లో తెచ్చిన చట్టం కింద నియమించిన పోలీసు సహాయక అధికారులకు కూడా అరెస్టు చేసే పోలీసు అధికారం ఇవ్వలేదు. అక్కడ కూడా 2010 తరువాత పొదుపు మొదలవగానే ముందుగా కోత పడినవాటిలో ఈ కొలువులు ఉన్నాయి, వారి సంఖ్య సగానికి పైగా తగ్గింది. మా లస్కర్లకు జరిగిందీ అదే కనుక, ఈ జీతాలు ఏ ఏడాదికా ఏడాది పథకం నుంచి కాక నీటిపారుదల శాఖ శాశ్వత పద్దు నుంచే రావాలి.

నమోదైన ప్రతి ఉల్లంఘన, దాని మీద తీసుకున్న చర్య నెలనెలా సచివాలయం గోడ మీద అంటించాలని కూడా కోరుతున్నాను. చేపల ఆమె పేరు ఎన్నిసార్లు ఉందో, పెద్ద చెరువుల వారి పేర్లు ఎన్నిసార్లు ఉన్నాయో ఆ కాగితం మీద ఊరివారే చూసుకుంటారు. ఆ సిబ్బంది మీద ఫిర్యాదు చేయదలచినవారికి మండల స్థాయిలో ఒక పేరు, ఒక ఫోను నంబరు అదే కాగితం అడుగున ఉండాలి.

జిల్లా అంతటా ఒకేసారి మొదలుపెట్టనవసరం లేదు. 2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగి కొత్త కార్యవర్గాలు వచ్చాయి కాబట్టి, వచ్చే దాళ్వాకు పశ్చిమ డెల్టాలో ఒక కాలువను, కోనసీమ వైపు మధ్య డెల్టాలో ఒక కాలువను ఎంచుకుని, తల నుంచి శివారు దాకా ఈ పద్ధతిలో మనుషులను వేసి చూడాలి. శివారు తూముల దగ్గర నీరు ఏ తేదీన ఎంత మట్టానికి చేరిందో రోజూ రాయించి, మునుపటి దాళ్వా రికార్డుతో పోల్చి, ఆ లెక్కను కాలువలు కట్టివేసే రోజుకల్లా రెండు జిల్లాల నీటిపారుదల సలహా మండలి సమావేశాల ముందు ఉంచవలసిందిగా జిల్లా కలెక్టర్లను, నీటిపారుదల శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా అభ్యర్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక శివారు ఆయకట్టు రైతు,
నరసాపురం ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా.